నడుమెత్తు కంచె

మా కాలనీలో ఏ ఇంటికీ గోడ లేదు, గేటు లేదు. వాటికి బదులు మా మామగారు ఉండేవారు.

కాలనీ కట్టినవాళ్ళు మొదట్లోనే ఒక నియమం పెట్టారు. ఇంటి ముందు మొక్కల కంచె తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆ కంచె మనిషి నడుమెత్తు దాటకూడదు. వీధిలో నడిచేవాళ్ళకి రెండువైపులా తోటలు కనపడాలి, వరండాలో కూర్చున్నవాళ్ళకి వీధి కనపడాలి. వినడానికి బాగానే ఉంటుంది. అన్నేళ్ళపాటు అది నిలబడిందంటే మాత్రం పూర్తిగా మామయ్య చలవే. సర్వేయరుగా రిటైరై, సొసైటీకి ప్రెసిడెంటై, ఒక కర్రకి నడుమెత్తున ఎర్రరంగుతో గీత గీసుకుని, ఆదివారం పొద్దున్నే వీధుల మీద పడేవారు. కర్రని కంచె అవతల నిలబెట్టినప్పుడు ఇవతల నుంచి గీత కనపడకపోతే ఆ ఇంటివాళ్ళ ఆదివారం గంగలో కలిసినట్టే. ఆయన్ని చాటుగా అందరూ ‘కొలకర్ర’ అనేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవారని నా అనుమానం.

ఇళ్ళన్నీ ఒకే నమూనా. అవే మెట్లు, అదే వరండా, వెనకాల అదే కుళాయి, అదే బట్టల తీగ. వీధులన్నీ వంపులు తిరుగుతూ ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాలప్యాకెట్ కోసం వెళ్ళి, తిరిగొచ్చి, ఎవరింట్లోనో చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు అత్తయ్య పడీ పడీ నవ్వి, నా చెయ్యి పట్టుకుని కాలనీ అంతా తిప్పింది. “వీధికో రకం చెట్టు నాటారమ్మా. వీధిని చెట్టు చూసి పట్టుకో, ఇంటిని కంచె చూసి పట్టుకో. మనది నీలంపూల వీధి. అందులో మన కంచె ఏదో చెప్పు చూద్దాం?” అంది. చెప్పడానికి కష్టపడలేదు. పైన టీ గ్లాసు పెట్టినా తొణకనంత సమంగా ఉన్న కంచె ఒక్కటే ఉంది. అది అత్తయ్య చేతిపని. ఆయన ఊళ్ళోవాళ్ళ కంచెలు కొలిచేవారు, ఆవిడ మా కంచె కత్తిరించేది. పెద్ద కత్తెర రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి కంచె పొడుగునా చూసి, “మీ మామయ్య పరువంతా దీని మీదే ఉంది మరి,” అనేది.

అలాంటి అత్తయ్యకి ఒక ఎండాకాలంలో మతిమరుపు ముదిరింది.

ఎండలు ఇంకా పూర్తిగా ముదరకముందు ఒక ఆదివారం, మామయ్య రెండిళ్ళ అవతల టైలరమ్మ ఇంటి ముందు ఆగిపోయారు. ఆవిడ ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతూ, ఒక్కతే చంటిపిల్లని పెంచుకుంటోంది. నేను కూరలు కొనుక్కుని వెనకాలే వస్తున్నాను.

“ఇదేంటమ్మా?” అన్నారు మామయ్య.

“గేటండీ,” అంది టైలరమ్మ.

“గేటని కనపడుతూనే ఉంది. ఎందుకుందీ అని.”

“మా పిల్లకి నడక వచ్చిందండీ. నేను మిషన్ తొక్కుతుంటే తుర్రుమని వీధిలోకి పోతోంది. కొన్నాళ్ళేనండీ, దానికి కాస్త ఊహ తెలిసేదాకా.”

చెక్కగేటు. మోకాలెత్తు కూడా లేదు. కుక్కపిల్ల దూకేస్తుంది.

“కారణం లేనివాళ్ళెవరమ్మా? ఈ రోజు నువ్వు గేటు పెడితే రేపు పక్కింటివాళ్ళు పెడతారు, ఎల్లుండి ఇంకొకరు గోడ కడతారు. తీసెయ్యి.”

“మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే తెలిసేదండీ మీకు,” అంది ఆవిడ.

మామయ్య కర్ర చంకలో పెట్టుకుని ముందుకి నడిచారు. ఆ మాట నాకూ తగిలింది. మాకు పిల్లలు లేరు.

మర్నాటికల్లా గేటు పోయింది. పిల్ల నడుముకి ఒక చున్నీ, దాని రెండో కొస మిషన్ కాలికి. ఆ కోపంలో టైలరమ్మ వాళ్ళ కంచెని ఎంత నున్నగా కత్తిరించిందంటే, మా కంచె దాని పక్కన వెలవెలబోయింది. “వచ్చేవారం కర్రతోపాటు టీ గ్లాసు కూడా తెచ్చుకోమను మీ మామగారిని. పెట్టి చూసుకుంటారు,” అంది నాతో. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

అత్తయ్య మొదటిసారి తప్పిపోయినప్పుడు పోస్ట్‌మాన్ తీసుకొచ్చి దింపాడు. ఎర్రపూల వీధి చివర నిలబడి ఉందట. మామయ్య ఆయనకి మంచినీళ్ళిచ్చి, “వాకింగ్‌కి వెళ్ళింది, కాస్త దూరం పోయింది,” అన్నారు. రెండోసారి అంత తేలిగ్గా పోలేదు. నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి ఎవరో ఫోన్ చేశారు. పరిగెత్తుకుంటూ మెయిన్ రోడ్డుకి వెళ్ళేసరికి రోడ్డుకి అడ్డంగా లారీ ఆగి ఉంది, డ్రైవరు కిందకి దిగి అరుస్తున్నాడు, పళ్ళబండి ఆమె అత్తయ్య చెయ్యి వదలకుండా పట్టుకుని ఉంది. అత్తయ్య తలెత్తి కరెంటు తీగల వైపు చూస్తోంది.

“నీలంపూలు రాలేదేంటమ్మా ఇంకా?” అంది నన్ను చూసి.

ఆ లారీ ముందుభాగం నా ఎత్తు ఉంది.

ఆ వారం మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకి అక్క, ఆసుపత్రిలో నర్సు. మాట కత్తిలా ఉంటుంది, చెయ్యి మాత్రం మెత్తన. భోజనాల దగ్గర అందరం కూర్చున్నాక, ముందు అత్తయ్యకి కలిపి పెట్టి, తర్వాత మొదలుపెట్టింది.

“నాన్నా, లారీ ఈసారి ఆగింది. మళ్ళీసారి ఆగకపోతే?”

మామయ్య పళ్ళెంలోకి చూస్తున్నారు.

“మా ఊళ్ళో ఒక హోమ్ ఉంది. ఇలాంటివాళ్ళనే చూసుకుంటారు. నెలాఖరు దాకా అమ్మకి చోటు ఉంచమన్నాను. ఈ లోపల అమ్మ ఒక్కసారి గడప దాటి తప్పిపోయిందని తెలిసినా సరే, తీసుకెళ్ళిపోతాను. ఎవరినీ అడగను.”

“అక్కా, అమ్మ అక్కడ ఒక్క రోజు ఉండదే,” అన్నాడు మా ఆయన.

“రోడ్డు మీద అయితే ఉంటుందా?”

“గేటు పెడదాం మామయ్యా,” అన్నాను నేను. “తోటలో ఎంతసేపు తిరిగినా భయం ఉండదు. గొళ్ళెం బయటివైపు పెట్టిద్దాం.”

“గేటు మాట ఎత్తకమ్మా.”

“ఎందుకని?”

“ఆ టైలరమ్మ చేత గేటు తీయించి ఎన్నాళ్ళయింది? ఇప్పుడు నా ఇంటికి నేను పెట్టుకుని, ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలో నడవను?”

“నడవకండి. ఆదివారం ఇంట్లో కూర్చోండి,” అనేశాను.

నోరు జారాననుకోలేదు. నిజంగా మండింది నాకు. ఆయన ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచి వెళ్ళిపోయారు. అత్తయ్య ఆయన వెళ్ళినవైపు చూసి, “ఎవరో పాపం, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు,” అంది.

తలుపుకి తాళం వేసి చూడలేదా అంటారేమో, వేశాం. ఒకే ఒక్క పూట. అత్తయ్య తలుపు బాదుతూ, “నేనేం తప్పు చేశానమ్మా, నన్నెందుకు మూసేశారు?” అని ఏడ్చింది. ఆవిడ మణికట్లు వాచిపోయాయి. తాళం తీసింది మామయ్యే. ఆ తాళంచెవి తర్వాత ఇంట్లో ఎక్కడా కనపడలేదు, వెతకమని ఎవరూ అనలేదు.

నాకు ఒక విషయం కొంచెం ఆలస్యంగా తెలిసింది. మామయ్య పొద్దున్నే లేచి, స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు బకెట్లతో మోసుకెళ్ళి కంచెకి పోస్తున్నారు. ఆ ఎండల్లో కాలనీ కంచెలన్నీ వడలిపోతుంటే మాది మటుకు చిగుళ్ళేసుకుని పైపైకి వస్తోంది. అత్తయ్య చేతికి దొరక్కుండా కత్తెరని వదిన ఆ వచ్చినప్పుడే అటకెక్కించింది. కాబట్టి కత్తిరించే నాథుడు లేడు. కంచె నడుము దాటింది, ఛాతీ దాటింది. నడిచి వచ్చే సందు దగ్గర పెద్ద పూలతొట్లు అడ్డదిడ్డంగా పెట్టించారు; మనలాంటివాళ్ళం ఒళ్ళు వంచి రావచ్చు, అత్తయ్య మాత్రం అక్కడిదాకా వెళ్ళి, దారి లేదనుకుని, వెనక్కి తిరిగేది.

గేటు పెట్టకుండా గోడ కడుతున్నారాయన! ఎవరికీ చెప్పకుండా, ఆకులతో.

ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే చచ్చింది. తన నియమాన్ని తనే దొంగచాటుగా తప్పుతున్న మనిషిని ఏమని తిడతాం? ఆదివారాలు మామూలుగానే కర్ర పట్టుకుని వెళ్ళేవారు. కానీ బయటికొచ్చేటప్పుడు మా కంచె వైపు చూసేవారు కాదు. కమిటీవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. టైలరమ్మ ఊరుకుంటుందా?

“ఏమ్మా, మీ కంచెకి పెళ్ళీడొచ్చినట్టుందే,” అంది ఒక సాయంత్రం. “మాకైతే ఈపాటికి కబురొచ్చేది.”

“అత్తయ్య కోసం,” అన్నాను.

“నాది పిల్ల కోసం,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

నెలాఖరు దగ్గరపడుతున్నకొద్దీ ఇంట్లో అందరం గుసగుసల్లోకి దిగాం. షాపులో నేను ఒకరి అద్దాలు ఇంకొకరికి ఇచ్చి చివాట్లు తిన్నాను. మా ఆయన తను పనిచేసే బస్సు డిపో నుంచి గంటకోసారి ఫోన్ చేసేవాడు. ఫోన్ ఎత్తగానే “ఉందా?” అనేవాడు. “ఉంది,” అనగానే పెట్టేసేవాడు. కంచె మాత్రం పనిచేస్తోంది. అత్తయ్య తోట దాటలేదు. ఇంకొన్నాళ్ళు ఇలా గడిస్తే వదిన తన మాట తనే వెనక్కి తీసుకుంటుందని ఆశపడ్డాను.

నెలాఖరున వదిన మళ్ళీ కారులో దిగింది. ఖాళీ పెట్టె తెచ్చింది. “అవసరం లేకపోతే ఖాళీగానే తీసుకెళ్తా,” అంది నా చూపు చూసి. పెట్టె మొయ్యడానికి అడ్డమని కారు డ్రైవరు తొట్లు పక్కకి జరిపాడు. మేమెవరం గమనించలేదు. వంటింట్లో టీ కాచి, తాగి, పంచదార ఎక్కువైందని వదిన నన్ను ఆటపట్టించి, ఇద్దరం నవ్వుకుని వరండాలోకి వస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

“అమ్మా!” అని వదిన వేసిన కేకకి మామయ్య నిద్రలోంచి లేచి చెప్పులు లేకుండా బయటికొచ్చారు. తొట్లు చూశారు. వీధిలోకి పరిగెత్తారు. అంత వయసులో ఆయన పరిగెత్తడం నేను అదే చూడటం.

నేను మెయిన్ రోడ్డుకి వెళ్ళాను. అత్తయ్య అటు రాలేదంది పళ్ళబండి ఆమె. మా ఆయన డిపో నుంచి బండి మీద వచ్చి ఎర్రపూల వీధి, దాని వెనక వీధి, పార్కు, చెరువుగట్టు అన్నీ తిరిగాడు. నీలంపూలు పూర్తిగా విరగబూసి ఉన్నాయి, రోడ్డంతా రాలి ఉన్నాయి. వీధి దొరికే ఉండాలి కదా ఆవిడకి, మరి ఇల్లు ఎందుకు దొరకలేదు? అదే అనుకుంటూ ఆ వీధిలో పైకీ కిందకీ ఎన్నిసార్లు పరిగెత్తానో. చెరువుగట్టు నుంచి మా ఆయన ఫోన్ చేసి, “ఇక్కడ ఎవరివో చెప్పులున్నాయి, అమ్మవి ఏ రంగువి?” అని అడిగినప్పుడు నా నోట మాట రాలేదు. “చెప్పవే!” అని అరిచాడు. “నల్లవి,” అన్నాను. “ఇవి నల్లవి కావు,” అన్నాడు. ఇద్దరం ఫోన్లో ఏడ్చాం.

ఇంటికొచ్చేసరికి వదిన అత్తయ్య చీరలు మడత పెట్టి పెట్టెలో సర్దుతోంది. మడతపెట్టిందే మళ్ళీ మడతపెడుతోంది, సర్దడం ఆపట్లేదు. “దొరగ్గానే బయల్దేరతాం. ఇంక నాతో ఎవరూ మాట్లాడొద్దు,” అంది. దొరుకుతుందని తనకి తను చెప్పుకుంటోంది. పెట్టె తెచ్చి వరండాలో పెట్టింది.

మామయ్య తన కంచెకే ఆనుకుని నిలబడి ఊపిరి పీలుస్తున్నారు. అప్పుడొచ్చింది టైలరమ్మ, పిల్లని చంకనేసుకుని, భుజానికి సంచితో.

“మీ ఆవిడ మా ఇంట్లో ఉన్నారండీ. నేను బట్టలివ్వడానికి వెళ్ళాను, ఇప్పుడే వచ్చి చూశాను. పెరట్లో కూర్చుని ఉన్నారు,” అంది. తర్వాత ఆయన మొహంలోకి సూటిగా చూసి, “మా ఇంటికి గేటు లేదుగా. నేరుగా వచ్చేశారు,” అంది.

రెండిళ్ళ అవతల! ఊరంతా వెతికాం.

అందరం వెళ్ళాం. పెరట్లో మెట్టు మీద అత్తయ్య కూర్చుని ఉంది. తీగ మీది బట్టలన్నీ తీసి, మడతపెట్టి, పక్కన దొంతరగా పేర్చింది. ఎవరెవరివో జాకెట్లు, లంగాలు. ఒంటి మీద దెబ్బ లేదు, కంగారు లేదు. వదిన “అమ్మా” అంటూ ముందుకి పోబోతే మామయ్య చెయ్యి అడ్డుపెట్టి, తనే దగ్గరికి వెళ్ళారు.

అత్తయ్య ఆయన్ని చూసి గబుక్కున కొంగు సర్దుకుని లేచింది.

“రండి అన్నయ్యగారూ, కూర్చోండి. మా ఆయన కోసమా? బయటికెళ్ళారు, వచ్చేస్తారు.”

నేను పక్కకి తిరిగిపోయాను. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య మెట్టు మీద, ఆవిడకి కాస్త దూరంగా కూర్చున్నారు.

“పర్లేదమ్మా,” అన్నారు. “తొందరేం లేదు.”

“ఆదివారం కదా, కంచెలు చూడ్డానికి వెళ్ళుంటారు.” ఆ రోజు ఆదివారం కాదు. “మీరు ఈ వీధేనా?”

“ఈ వీధేనమ్మా. రెండిళ్ళ ఇవతల.”

అత్తయ్య మొహం మారిపోయింది. గొంతు తగ్గించింది. “ఆ కంచె మీదేనా అన్నయ్యగారూ? ఏమీ అనుకోకండి. ఇందాక వస్తూ చూశాను, చెట్లు చూస్తే మా వీధే, ఆ ఇల్లు చూస్తే మాదిలాగే ఉంది. లోపలికి వెళ్ళబోయాను కూడా. కానీ అంత అడవిలా పెరిగిన కంచె మాదెందుకవుతుంది? మా ఆయన ఉండగా మా కంచె అలా ఉంటుందా? అందుకే ముందుకి వచ్చేశాను. ఇదిగో, ఈ ఇంటి ముందున్నది కదా మా కంచె!”

మామయ్య తల దించుకున్నారు.

“మా ఆయన చూస్తే ఊరుకోరు సుమండీ. మీ పని అయిపోతుంది,” అంది అత్తయ్య జాలిగా.

“అయిపోయిందమ్మా,” అన్నారాయన. “నాకు కత్తిరించడం చేతకాదు. మీరు వచ్చి కాస్త చూపిస్తారా?” అన్నారు.

అలా ఆయన వెంట ఆవిడ మా ఇంటికి, తన ఇంటికి, చుట్టం చూపుగా వచ్చింది. మామయ్య స్టూలెక్కి అటక మీది కత్తెర తీస్తుంటే వదిన కంగారుపడింది. “నాన్నా, ఆవిడ చేతికా? వేళ్ళు తెగితే?”

“నువ్వు పుట్టకముందు నుంచి ఆ చేతుల్లో ఉందది.”

కత్తెర చేతిలో పడగానే అత్తయ్య ఒక కన్ను మూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోలేదు. టకటకమని కొమ్మలు రాలుతుంటే మామయ్య వంగి ఏరి పక్కన వేస్తున్నారు. మా ఆయన, నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాం. వీధిలో పోయేవాళ్ళు ఆగుతున్నారు. వాళ్ళలో కమిటీ సెక్రటరీ కూడా ఉన్నాడు. అందరూ వింటుండగానే మామయ్య ఫోన్ తీసి వెల్డరుతో మాట్లాడారు.

“అవును, గేట్లే. రేపే కావాలి. ఒకటి నా ఇంటికి, గొళ్ళెం బయటివైపు. రెండోది రెండిళ్ళ అవతల. టైలరమ్మగారిల్లు. ఏ ఎత్తులో కావాలో ఆవిడనే అడుగు.”

“ప్రెసిడెంటుగారూ, మరి రూలు...” అన్నాడు సెక్రటరీ.

“కొత్త ప్రెసిడెంటుని చూసుకోండి బాబూ. వచ్చి నాకు నోటీసివ్వమను, తీసుకుంటా.”

సెక్రటరీ అత్తయ్యని చూసి, తన కాళ్ళ దగ్గర పడ్డ కొమ్మ తీసి పక్కన వేశాడు.

కంచె ముందుభాగం నడుమెత్తుకి దిగింది. వీధి కనపడింది, వీధికి మేం కనపడ్డాం. అత్తయ్య నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని మామయ్య వైపు తిరిగింది.

“మీ ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా అన్నయ్యగారూ? ఇలా వదిలేశారు?”

“ఉందమ్మా.”

“మరి ఏదీ?”

మామయ్య చేతిలోని కొమ్మలు కింద పెట్టారు.

“వస్తూ పోతూ ఉంటుంది,” అన్నారు.

“అయితే నేనుంటాను, తను వచ్చేదాకా. ఒంటరిగా ఉన్నారు పాపం,” అంది అత్తయ్య. మళ్ళీ కంచె వైపు తిరిగింది.

వదిన వరండాలోని పెట్టె తీసుకుని లోపలికి నడిచింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది.